ఎవరిని అడిగినా చెప్తారు

నిచ్చెన ఎక్కి, వెన్న రాసే చాకుతో పెట్టె మూత పెకలించడానికి రోజ్‌విటా తీలె తంటాలు పడుతోంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. లోపల ఓ బుల్లి సర్క్యూట్ పలక, సన్నపాటి బ్యాటరీలు. గదిలో వేడి ఎంత, దీపం వెలుగుతోందా ఆరిందా అన్నది కనిపెట్టి చెప్పడం దాని పని. బెర్లిన్‌లోని ఆ విశ్వవిద్యాలయం భవనంలో ప్రతి గుమ్మం మీదా ఒకటి అంటించారు చదువుకున్నవాళ్ళు. అంటించి ఊరుకున్నారు. బ్యాటరీలు మార్చే పని మాత్రం నేలలు తుడిచే రోజ్‌విటా మెడకు చుట్టారు. మోకాళ్ళు అరిగిపోయి, వేళ్ళు వంకర్లు తిరిగి, రేపో మాపో ఉద్యోగం మానేద్దాం అనుకుంటున్న వయసులో ఆమెకు పట్టిన యోగం ఇది.

నిచ్చెన ఊగింది. "పట్టుకో ఎకార్ట్" అనబోయి నాలుక కరుచుకుంది.

ఎకార్ట్ ఆ భవనం మరమ్మతులూ బాగోగులూ చూసే మనిషి. గొట్టాలూ బాయిలరూ తాళాలూ అన్నీ అతనివే. నిచ్చెన పట్టుకున్నప్పుడు పైకి చూడకుండా గోడవైపు మొహం తిప్పుకుని నిలబడేవాడు. ఆమె గౌన్లు వేసుకునే రోజుల నాటి అలవాటు అది. ఆమె పంట్లాములు తొడగడం మొదలుపెట్టి ఏళ్ళూ పూళ్ళూ గడిచినా అతను మానలేదు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. దాని గురించి ఏనాడూ మాట్లాడుకోనూ లేదు.

ఈ వారం మొదట్లో గుండె పట్టేసిందని అతన్ని అంబులెన్సులో తీసుకుపోయారు. తలుపు మూసేలోగా తల ఎత్తి, "రోజీ, ఆస్పత్రి నేల చల్లగా ఉంటుందే. నా ఉన్ని చెప్పులు పట్రా" అన్నాడు. అతని గదిలోంచి తీసిన ఆ చెప్పులు అప్పటినుంచీ ఆమె సంచిలోనే ఉన్నాయి. ఒక రోజు ఓవర్‌టైమ్, ఒక రోజు మంచు పడి ట్రాములు ఆగిపోవడం. పైగా అతను కోలుకుంటున్నాడన్న ధీమా. ఇవాళ మాత్రం పని అయిన వెంటనే వెళ్ళి తీరాలి.

పొద్దున గేటు దగ్గర కాపలా ఉండే మటుషెక్‌ని అడిగింది. "ఎలా ఉన్నాడట?"

"దివ్యంగా ఉన్నాడమ్మా. కూర్చుని సూప్ తాగాడట. సోమవారానికల్లా వచ్చి మన ప్రాణాలు తోడేస్తాడు, చూస్తూండు" అన్నాడు మటుషెక్, పత్రికలోంచి తల ఎత్తకుండా.

మెట్లమీద కనబడిన గ్రంథాలయం ఆవిడా అదే చెప్పింది. సూప్, సోమవారం. హమ్మయ్య అనుకుంది రోజ్‌విటా.

కింద నేలమాళిగలో నీళ్ళ గొట్టం గడ్డకట్టి పగిలింది. చీలమండల దాకా ఐసు నీళ్ళు. గుడ్డలు, బకెట్లు, నానిన బూట్లు. పైన గోడమీద, పెట్టెల కబుర్లు చూపించే కంప్యూటర్ తెర మాత్రం నేలమాళిగ వెచ్చగా ఉందని హాయిగా చెబుతోంది. ఆమె తిట్లు మూడో అంతస్తుకి వినబడ్డాయి కాబోలు, పెట్టెల తాలూకు పరిశోధకుడు యోర్న్ కళ్ళజోడు తుడుచుకుంటూ దిగి వచ్చాడు.

"మీ పెట్టె అబద్ధమాడుతోంది డాక్టరు గారూ. అదిగో, బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఊరుకుంది. చచ్చినదానికి మాటెలా వస్తోంది?"

"అది చెప్పడం లేదు తీలె గారూ, పక్కవి చెబుతున్నాయి. మనం ఫలానా పెట్టెను పిలిచి అడగం. 'నేలమాళిగ వేడి' అని సంగతి పేరు పెట్టి కేకేస్తాం. ఆ సంగతి విన్న పెట్టెలన్నీ తలో నకలు దాచుకుంటాయి. ఎవరు దగ్గరుంటే వాళ్ళు చెప్పేస్తారు. అసలుదాన్ని మాటిమాటికీ నిద్రలేపితే బ్యాటరీ అయిపోతుంది కదా. సంగతి తెలిస్తే చాలు, చెప్పిందెవరైతే ఏం?"

"ఎప్పటి సంగతో అక్కర్లేదా?"

అతను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఎంతసేపు దాచుకోవాలో గడువు పెట్టడం మరిచాను. తప్పు నాదే" అని, బూట్లు విప్పి, పంట్లాం పైకి మడిచి తనూ నీళ్ళు తోడాడు. తోడడం కూడా రాదు, సగం ఆమె మీదే పోశాడు.

మధ్యాహ్నం తడి మేజోళ్ళతో క్యాంటీనుకి చేరింది. గరిటె పట్టుకున్న మోని ఆమె వాలకం చూసి నవ్వింది. "ఏమే, స్ప్రే నదిలో దూకి వచ్చావా? అది సరే, ఎకార్ట్ ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు. కూర్చుని సూప్ తాగాడు. సోమవారం వస్తాడు."

"ఓసి నీ తెలివి తెల్లారా, ఆ సూప్ కబురు అందరికీ చెప్పింది నేనేగా. మళ్ళీ నాకే వడ్డిస్తావేం? తీసుకెళ్ళిన రోజు సాయంత్రం వాళ్ళ అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత సంగతి అడుగుతున్నా."

రోజ్‌విటా చేతిలో బఠాణీల సూప్ గిన్నె అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత సంగతి ఎవరి దగ్గరా లేదు. ఆమె దగ్గరా లేదు. గిన్నె దింపి, క్యాంటీను ఫోన్ అందుకుని ఎకార్ట్ అక్కకు చేసింది.

అవతలి గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది. "నిన్న తెల్లవారకముందే పోయాడమ్మా, నిద్రలోనే. ఆఫీసులో ఎవరికో చెప్పినట్టే ఉంది... లేదో మరి. ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారనుకున్నాను."

"చెప్పారు. అందరూ చెప్పారు" అంది రోజ్‌విటా.

మోని గరిటె వదిలి ఆమె భుజం పట్టుకుంది. రోజ్‌విటా ఆ చేతిని మెల్లగా తప్పించి, సంచి తీసుకుని కిందికి నడిచింది. దారిలో తెర ముందు ఆగి, ఎకార్ట్ గది పేరు నొక్కింది. అది ఒక్క క్షణం కూడా తడబడలేదు. గది వెచ్చగా ఉంది, దీపం వెలుగుతోంది అని చెప్పింది.

తలుపు తీసింది. లోపల చీకటి. గోడకున్న ఇనుప రేడియేటర్ చల్లగా ఉంది. గుమ్మం మీది పెట్టె మూత ఊడి ఉంది. అందులోని బ్యాటరీలు అతనే తీసి మరెవరి గదికో పెట్టి ఉంటాడు. ఆమె దీపం వేయలేదు. సంచిలోంచి చెప్పులు తీసి రేడియేటర్ కింద, అతను విడిచే చోటే, గుమ్మంకేసి మొహం పెట్టి ఉంచి వెళ్ళిపోయింది.

బూడిదరంగు ఉన్ని చెప్పులు. మడమల దగ్గర అరిగిపోయి, ఎడమదాని బొటనవేలి చోట మాత్రం ఎప్పుడో ఆమె నీలం దారంతో కుట్టిన కుట్టు ఇంకా గట్టిగానే ఉంది.