కుడుము కింద పొర

మల్సున్ తన ఫోనును పచ్చళ్ల జాడీలో పెట్టుకునేది. జాడీకి మూత, మూత మీద రాయి. బ్యాటరీ పేలినా మంట జాడీ దాటదని ఆమె ధీమా. ఇంట్లో ఒక జాడీ, తను వండిపెట్టే ఫ్యాక్టరీ క్యాంటీనులో ఇంకో జాడీ. లోపల ఫోను మోగితే వినపడదు. వినపడకపోతే ఎవరికో ఏదో అయిపోయిందని గుండె దడ. తీసి చూద్దామంటే, సరిగ్గా తీసినప్పుడే పేలుతుందేమోనని భయం.

అసలు జుంగ్‌ప్యోంగ్ ఊళ్లోని ఆ ఫ్యాక్టరీ తయారుచేసేదే బ్యాటరీలు అంటుకోకుండా కాపాడే సరుకు. బ్యాటరీలో రెండు వైపులూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఉండే పల్చటి పొర అది. వేడికి ఆ పొర ముడుచుకుందంటే రెండు వైపులూ తగులుకుని మంట లేస్తుంది. మల్సున్ కూతురు హారిమ్ అక్కడే ఇంజనీరు. పొర ముడుచుకోకుండా దాని మీద పింగాణి పొడి పూత పూయడం ఆమె బృందం పని. రెండేళ్లలో ఆరు రకాల పూతలు పూశారు. ఆరూ ఓవెన్లో పెట్టగానే నిప్పుల మీద ఎండు స్క్విడ్ చేపలా వంకర్లు తిరిగాయి.

ఏడో పూతకు ఆ రోజే పరీక్ష. కార్ల కంపెనీవాళ్లు పదకొండింటికి వస్తారు. వాళ్ల కళ్లముందు ఇదీ ముడుచుకుందంటే ప్రయోగపు మెషీను విప్పేసి, బృందంలో ఒక్కొక్కరినీ ఒక్కో ఊరికి పంపేస్తారు. పొడి అయిపోయింది. గీతలు పడకుండా వచ్చింది పీటంత చదరపు షీటు, ఒక్కటే.

పరీక్ష గట్టెక్కాలని తక్ మేనేజరు కోసా పూజ జరిపిద్దామన్నాడు. కొత్త మెషీను పెట్టినా, కొత్త పని మొదలెట్టినా పంది తలా, ఎర్ర చిక్కుళ్ల కుడుమూ పెట్టి మొక్కుకోవడం అక్కడందరికీ అలవాటే. దుమ్ము పడకూడని హాలులోకి పంది తలను రానివ్వరు కాబట్టి, అద్దం బయట వరండాలో బల్ల వేశారు. కుడుము మల్సున్ వంతు. కోసా నాడు కుడుము ఉడక్కపోతే పని చెడుతుందంటారు. అందుకని ఆమె రెండు రోజుల నుంచి అన్నం సరిగా తినలేదు.

తొమ్మిదింటికి హారిమ్ షీటును తెల్ల కవరులో పెట్టుకుని ల్యాబుకు వెళ్తోంది. మల్సున్ క్యాంటీను గుమ్మంలో అడ్డుపడింది. ముఖం పీక్కుపోయిందనీ, రెండు గుక్కలు సూపు తాగకపోతే పరీక్ష మధ్యలో కళ్లు తిరిగి ఓవెన్లోనే పడుతుందనీ లోపలికి లాక్కెళ్లింది. హారిమ్ నిలబడే తాగింది. ఇంతలో ల్యాబు నుంచి పిలుపొచ్చింది, పరుగెత్తింది. కవరు బల్ల మీదే ఉండిపోయింది.

మల్సున్ అల్మారాలోంచి కుడుము కుండ దించింది. అడుగున చిల్లులున్న మట్టికుండ అది. పిండి జారిపోకుండా అడుగున గుడ్డో, మల్బరీ కాగితమో పరవాలి. గుడ్డ ఇంట్లో మర్చిపోయింది. కాగితం కొనుక్కురమ్మని రాత్రి కూతురికి చెప్పిన సంగతి గుర్తొచ్చింది. బల్ల మీది కవరు తెరిచి చూస్తే తెల్లగా, పల్చగా, చదునుగా ఉంది. ఎంత పనిలో ఉన్నా మరచిపోలేదు నా తల్లి, అని ఆమె కళ్లు చెమర్చాయి. కత్తెర తీసి గుండ్రంగా కత్తిరించి కుండలో పరిచింది. మిగిలిన నాలుగు మూలలూ, ఎందుకైనా పనికొస్తాయని ఏప్రాను జేబులో వేసుకుంది.

పిండి పోసి, మరిగే నీళ్ల గిన్నె మీద పెట్టి, అరగంట ఉడికించి చాప్‌స్టిక్ గుచ్చి చూసింది. పొడి పిండి అంటుకుని వచ్చింది. ఇంకో పావుగంట. మళ్లీ పొడి పిండే. కుడుము ఉడకలేదు, అంటే పొర ముడుచుకుంటుంది, హారిమ్‌ను సముద్రపొడ్డున ఏదో ఊరికి పంపుతారు, అక్కడ చలిగాలి, సూపు చేసిపెట్టే దిక్కుండదు, జలుబు చేస్తుంది, జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మల్సున్ ఊహల్లో ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లేసరికి హారిమ్ తలుపు తోసుకుని వచ్చింది. వెనకే తక్ మేనేజరు. కంగారు పడితే ఆయనకు ఎక్కిళ్లు వస్తాయి. అప్పటికే మొదలయ్యాయి.

"అమ్మా, ఇక్కడ తెల్ల షీటు పెట్టాను, చూశావా?"

"నువ్వు తెచ్చిన కాగితమేగా, కుడుము కింద వేశాను. పాడు కాగితం, ఆవిరే రానివ్వలేదే."

హారిమ్ ఉల్లిపాయల బస్తా మీద కూలబడింది. తక్ మేనేజరు మెల్లగా అన్నాడు. "పిన్నిగారూ, మా రెండేళ్ల పనిని... హిక్... ఉడకబెట్టేశారు."

"ఉడకలేదు బాబూ, నా ఏడుపు అదే కదా."

హారిమ్ తలెత్తింది. "అంచుల్లో కూడా ఉడకలేదా?"

మల్సున్ సిగ్గుతో చచ్చిపోతూ కుండ వంచి చూపించింది. నడిమధ్యనా పిండే, చుట్టూ అంచునా పిండే. హారిమ్ నవ్వడం మొదలెట్టింది. మతి పోయిందని మల్సున్ వచ్చి నుదురు పట్టుకుని చూసింది. హారిమ్ ఆ చెయ్యి తీసేసి, పొర గోరంత ముడుచుకున్నా అంచున సందు వచ్చేదనీ, ఆ సందులోంచి ఆవిరి ఎగదన్ని అంచు ముందుగా ఉడికేదనీ చెప్పింది. పిండిని పక్కకు తోసి చూస్తే పొర వేసింది వేసినట్టే ఉంది. పూత పొట్టు కూడా రాలలేదు.

తక్ మేనేజరు అప్పుడే సంబరపడొద్దన్నాడు. ఆవిరి వంద డిగ్రీలు, పరీక్ష నూటయాభై. దానికి తడవని ముక్క కావాలి, అయిదు సెంటీమీటర్ల చదరం. అది ఎక్కణ్ణించి తెస్తామని ఎక్కిళ్ల మధ్య అడిగాడు.

మల్సున్ చెయ్యి జేబులోకి వెళ్లి ఆగింది. బయట పెడితే దొంగతనం కూడా అంటగడతారేమో. కూతురి ముఖం చూసి, ఇక జైలైనా సరే అనుకుని తీసింది. నాలుగు మూలలూ, వాటితోపాటు రెండు వెల్లుల్లి రెబ్బలూ వచ్చాయి. హారిమ్ స్కేలు పెట్టి కొలిచింది. ఒక్కో మూలలో ఒక్కో చదరం, సరిగ్గా అయిదు సెంటీమీటర్లు.

ముక్కలు ఓవెన్లోకి వెళ్లాయి. గంట సేపు. కార్ల కంపెనీ నుంచి వచ్చినవాళ్లు ఆరుగురు గాజు తలుపు ముందు నిలబడ్డారు. ఇక్కడ క్యాంటీనులో మల్సున్ పాత పిండిని ఎవరైనా తిని పోతే తన మీదికొస్తుందని పారబోసి, ముల్లంగి చక్రాలు పరిచి, కొత్త పిండి ఎక్కించింది. కుండ వైపు చూస్తే ఓవెన్లో ఏమవుతోందోనని, ఓవెన్ గుర్తొస్తే కుండేమవుతోందోనని, మధ్యలో గిరగిరా తిరిగింది.

రెండూ దాదాపు ఒకేసారి తెరిచారు. కుడుము పొంగి, ఎర్రగా, అంచు నుంచి అంచు దాకా ఉడికింది. ఓవెన్లో నాలుగు ముక్కలూ పరిచిన దుప్పట్లలా పడుకుని ఉన్నాయి. తగ్గింది అర మిల్లీమీటరు. తక్ మేనేజరు ఎక్కిళ్లు ఆగిపోయాయి, ఎప్పుడాగాయో ఆయనకే తెలియలేదు. వచ్చినవాళ్లలో పెద్దావిడ ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది వెల్లుల్లి వాసనేనా అని అడిగింది. హారిమ్ దాచకుండా జరిగిందంతా చెప్పింది. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటూ నవ్వి నవ్వి, కుండలో పొరను కూడా తెప్పించుకుని చూసి, ఏడో పూతకు ఒప్పుకుంటున్నామంది.

వరండాలో పంది తల నవ్వు ముఖంతో ఉంది. హాలులో దుమ్ము పడకుండా తెల్ల సూట్లు తొడుక్కునే వాళ్లంతా సాష్టాంగపడి లేచారు. మల్సున్ అందరికంటే ఒకసారి ఎక్కువ మొక్కింది.

తర్వాత హారిమ్ తల్లిని జాడీ దగ్గరికి తీసుకెళ్లి, ఇప్పటికైనా ఫోను బయట పెట్టుకోమంది. మల్సున్ రాయి దించి, మూత తీసి, చూసి అదిరిపడింది.

"పదకొండుసార్లు చేశారే. ఎవరికేమైందో."

"అది నేనేనమ్మా, షీటు కోసం."

మల్సున్ ఊపిరి పీల్చుకుని ఫోను ఏప్రాను జేబులో వేసుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "ఇందులో ఉన్నది నీ పొరేనా?"

"ఇంకా రాలేదమ్మా. ఫోన్లలోకి రావడానికి ఇంకో ఏడాది పడుతుంది."

మల్సున్ వెనక్కి తిరిగి ఫోనును మళ్లీ జాడీలో పెట్టింది. మూత మాత్రం ఓరగా వేసింది. రాయి పెట్టలేదు.