ఆగా సేటు వాకిట్ల మంచు

నల్లగొండ బస్సు అడ్డ కాడ ఆగా సేటు హోటలంటే ఆ రోజులల్ల తెల్వనోళ్లు లేకుండె. కచ్చేరి పనిమీద వచ్చిన రైతులు, వకీళ్లు, బండ్లు తోలేటోళ్లు అందరు ఆడ్నే చాయ తాగుతుండిరి. పొద్దు పొడవకముందే ఆగా రాగి బాయిలరు కింద బొగ్గులు రాజేస్తుండె. గుర్వమ్మ వచ్చి వాకిలి ఊడ్చి, కప్పులు, సాసర్లు తోమి బోర్లిస్తుండె. ముందట ఒక అర్ర, దాని ఎనక ఆకాశం కనపడే వాకిలి, వాకిలి చుట్టు బెంచీలు. హోటలంటే గదే.

ఆగా అసలు పేరు కాసిం. మూతి మీద మీసం సరిగ రాకముందే మామతోని ఇరాన్ ఇడిచి బొంబాయికి, ఆడికెళ్లి హైద్రాబాదుకు, చివరికి నల్లగొండకు వచ్చిండు. మామ పోయిండు. ఆగా ఉండిపోయిండు. గడ్డం తెల్లవడ్డది కాని పెండ్లి ఊసెత్తలేదు. ఎవలన్న అడిగితే, "పెండ్లికి పోతే చాయ చల్లారిపోతది" అని నవ్వుతుండె. తెలుగు బాగనే వచ్చు గాని ఆడోళ్లను మొగోళ్లను కలిపి మాట్లాడుతుండె. "బర్రె వచ్చిండు, పాలు తెచ్చిండు" అంటే గుర్వమ్మ కడుపుబ్బ నవ్వుతుండె.

యజ్ద్ పట్నం దాపున కొండకింద ఆయన ఊరు. చలికాలం ఆకాశంకెళ్లి దూది రాలినట్టు మంచు పడ్తదని, ఇంటి కప్పులన్ని తెల్లగయితయని చెప్తుండె. మండే ఎండల చాయ తాగేటోళ్లు ఆ ముచ్చట ఇష్టంగ వింటుండిరి. చెప్పి చెప్పి ఆయనకే అది ఎవలో చెప్పిన కథ లెక్క అయిపోయింది.

ఆ ఏడు దసర పోయినంక ఊరి బయట మైదానంల డేరా టాకీ దిగింది. దాంట్ల సినిమా మిషన్ నడిపేటోడు ఎల్లస్వామి. కేతేపల్లి దిక్కు పిల్లగాడు. సన్నగ, పొడుగ్గ ఉంటుండె. చెంపకు ఎప్పుడు ఇంత మసి అంటుకొని ఉంటుండె. నవ్విండంటే రోడ్డు అవతలికి వినపడుతుండె.

మొదటి దినం వాడు హోటలు గడప బయట్నే నిలబడ్డడు. చేతిల రేకు గిలాస పట్టుకున్నడు.

"బయటెందుకు నిలబడ్డవ్? లోపటికి రా," అన్నడు ఆగా.

"మాది వాడల ఇల్లు సాబ్. గిలాస నేనే తెచ్చుకున్న."

"నాది ఇరాన్ల ఇల్లు. గిలాస పక్కకు పెట్టు."

ఎల్లస్వామి ఒక్క గడియ ఆయన దిక్కు చూసి, గలగల నవ్వి లోపటికి వచ్చిండు. వాకిట్ల బెంచీ మీద అందరి నడుమ కూసున్నడు. ఆగా తానే చాయ తెచ్చి ముందట పెట్టిండు. చాయకు వచ్చిన చిన్న పెద్ద అందరిని బేటా అని పిలిచే మనిషి, "పేరేంది?" అని అడిగిండు. అప్పటిసంది వాణ్ని పేరుతోనే పిలిచిండు.

ఎల్లస్వామి సాసర్ల పోసుకొని ఊదుతుంటే తెల్లటి పింజ ఒకటి వచ్చి చాయల పడి కరిగింది. ఇంకోటి వాని మోకాలి మీద పడ్డది. తలెత్తి చూస్తే నడిపొద్దు, ఆకాశం నీలంగ ఉన్నది, మబ్బు తునక లేదు. ఆ నీలంల నుంచే పింజలు నిమ్మలంగ దిగుతున్నయి. వాకిట్ల తప్ప ఇంకెక్కడ లేదు.

ఒక వకీలు సాబ్ తన కాయిదాలు తడవకుండ చంకల పెట్టుకొని బెంచీ చూరు కిందికి జరుపుకున్నడు. బండి తోలే లచ్చయ్య చెయ్యి చాపి ఒక పింజను పట్టి చూసి, "సేటూ, నువ్వు చెప్పిన మీ దేశం మంచు గిదేనా?" అని అడిగిండు.

"గిదే," అన్నడు ఆగా.

"బాగ సల్లగున్నది," అని లచ్చయ్య తన చాయ తాను తాగిండు.

ఊరు దానికి జల్దినే అలవాటు పడ్డది. ఆడోళ్లు ముంతలు తెచ్చి మంచు నింపుకొని పోయి మజ్జిగల కలుపుకున్నరు. జెరమొచ్చిన పిల్లల నుదుటి మీద పెట్టెతందుకు దవాఖాన నుంచి మనిషి వస్తుండె. నిమ్మకాయ షర్బతు అమ్మేటాయన బండిని హోటలు ముందటికే మార్చిండు.

మంచు ఎప్పుడు పడ్తదో గమనించింది మాత్రం మొదట గుర్వమ్మనే. ఎల్లస్వామి గడప తొక్కంగనే పడ్తది, వాడు లేచి పోంగనే ఆగుతది. వాడు ఊరికి పోయిన దినం వాకిట్ల ఉత్త ఎండనే. ఆమెకు ఇంకో సంగతి గుడ ఎరుకైంది. ఆగా గడ్డానికి గోరింటాకు పెట్టుకుంటుండు. కొత్త కోటు కుట్టిచ్చిండు. పొద్దుగూకంగనే గల్ల పెట్టె మూసి, కెటిలిల చాయ పోసుకొని టాకీ దిక్కు నడుస్తుండు.

డేరాల అందరు తెర దిక్కు చూస్తరు. ఆగా ఎనక బెంచీల, మిషన్ దాపున, పక్కకు తిరిగి కూసుంటుండె. మిషన్ సందుల నుంచి వచ్చే వెలుగుల ఎల్లస్వామి మొఖం ఒకసారి బంగారం లెక్క, ఒకసారి చీకటి లెక్క అయితుండె. ఆగా ఆ ఖేల్ చూస్తుండె. తెర మీద రాజు ఎవలో రాణి ఎవలో ఆయనకు ఎన్నడు తెల్వలేదు.

ఒకదినం ఫిలిం తెగింది. జనం ఈలలు ఏస్తుంటే ఎల్లస్వామి తునకలు అతికిచ్చుకుంట, "మీ దేశం యాదికి రాదా సాబ్?" అని అడిగిండు.

"వస్తుండె."

"ఇప్పుడు?"

ఆగా కప్పుల చాయ పోసిండు. "తాగు ఎల్లస్వామీ. చల్లారుతది."

డేరా గుడ్డకు పైన చిన్న చిల్లు ఉండె. దాంట్ల నుంచి ఒకటే పింజ దిగి, మిషన్ వెలుగుల మెరిసి, మాయమైంది. ఎల్లస్వామి దాన్ని పట్టించుకోలేదు. ఊరంత ఎరుకైన సంగతి ఆ పిల్లగానికొక్కనికే ఎరుక లేకుండె.

ఒక పొద్దున కప్పులు తోముకుంట గుర్వమ్మనే అన్నది. "సేటూ, నువ్వు నోరు ఇప్పకున్నా నీ మంచు చెప్తనే ఉన్నది."

ఆగా బొగ్గుల దిక్కు చూసుకుంట, "నవ్వుతున్నరా?" అన్నడు.

"నవ్వెతందుకేమున్నది? నలుగురికి సల్లదనమిస్తాంది. గని నీకేమొస్తాంది?"

"ఏం రాదు గుర్వమ్మా. ఏదో ఒకటి రావాలని నేను అనుకోలేదు. వాడు వచ్చి చాయ తాగి పోతే చాలు. ఆ దినం గడిచిపోతది."

గుర్వమ్మ తోమిన కప్పు బోర్లిచ్చింది. ఆమె మొగడు పోయి చాన ఏండ్లయింది. దినం గడవడమంటే ఏందో ఆమెకు ఎరుకనే.

చలికాలం పోయేసరికి కాలం పాడైంది. ఊర్లల్ల సంఘపోళ్లు దొరల గడీల మీద పడ్తున్నరని, రజాకార్లు ఊర్లు కాలుస్తున్నరని దినాం ఒక వార్త వస్తుండె. టాకీ సాటింపు ఏసెతందుకు ఊరూరు తిరుగుకుంట ఎల్లస్వామి ఒక ఊరి సంఘం మాట ఇంకో ఊరికి మోస్తుండని పోలీసులకు తెల్సింది. పోలీసు ఠాణ అమీన్ సాబ్ డేరాను గుంజేసిండు. ఎల్లస్వామి మాయమైండు.

ఆ అమీన్ తెలివైనోడు. ఊరంత ఎతకలేదు. హోటలుకు ఎదురుంగ ఉన్న మిద్దె మీద ఒక జవాన్ను కూసోబెట్టి, "ఆగా వాకిట్ల మంచు పడంగనే ఈల ఊదు. పోరడు ఆడ్నే ఉంటడు," అన్నడు. ఊరి బాటలన్నిటి మీద రజాకార్లను కాపలా పెట్టిండు.

వాకిలి ఎండిపోయింది. ముంతలు పట్టుకొని వచ్చినోళ్లు ఉత్త చేతులతోని పోయిన్రు. ఆగా గడ్డం మల్ల తెల్లవడ్డది.

ఒక తెల్లారుగట్ల గుర్వమ్మ గుడిసె ఎనక కట్టెల చాటున ఎల్లస్వామి కూలవడ్డడు. తొడను తూటా గీరుకపోయింది, జెరం కాలుతాంది. హోటలు ఎనక సందుల్నే ఆమె గుడిసె. ఆమె వాణ్ని లోపటికి గుంజి, పసుపు పెట్టి కట్టు కట్టింది. ఎప్పటి లెక్కనే హోటలుకు పోయి వాకిలి ఊడ్చింది. ఒక గోడ అవతల్నే పిల్లగాడు పండుకొని ఉన్నడు, అయినా మంచు పడలేదు. వాడు బతికున్నడో లేదో ఆగాకు తెల్వది గద. మంచు వానితోని వచ్చేది కాదని, ఈయన లోపట్నించి వచ్చేదని అప్పుడు ఆమెకు సమజైంది.

జెరం దిగినంక ఎల్లస్వామి, "అవ్వా, దేవరకొండ బాట దొరికితే అమ్రాబాదు అడివికి పోత. ఆడ మనోళ్లున్నరు," అన్నడు.

"బాట మీద తుపాకులున్నయి కొడుకా."

"మరెట్ల?"

గుర్వమ్మ సేటు మంచు సంగతి, దాని కోసం మిద్దె మీద కూసున్న జవాను సంగతి మొత్తం చెప్పింది. ఎల్లస్వామి నవ్వలేదు. తల కిందికేసుకొని, "నాకు తెల్వదు అవ్వా. నా తోడు, నాకు తెల్వనే తెల్వదు," అన్నడు.

మర్నాడు పొద్దున ఆమె టాంగా నడిపే పర్వతాలును హోటలు ముందటికి తోలుకొచ్చింది.

"ఎక్కు సేటూ. ఎక్కినంక చెప్త."

ఆగా ఏం సమజ్ కాక ఎక్కి కూసున్నడు. గుర్వమ్మ దగ్గరికొచ్చి, చెవుల పడేటట్టు అన్నది. "పిల్లగాడు నా గుడిసెల ఉన్నడు. పానం మంచిగనే ఉన్నది. బాటలు ఖాళీ అయితే అడివి చేరుతడు."

ఆగా గుడిసె దిక్కు తిరిగిండు. దిగబోయి ఒక కాలు కింద పెట్టిండు. హోటలు ఎనకున్న గుడిసె యాభై అడుగుల దూరం గుడ లేదు. గుర్వమ్మ ఆపలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. ఊకె నిలబడి చూసింది. అప్పుడే గుర్రం మెడ మీద మొదటి పింజ పడ్డది. మిద్దె మీద జవాను లేచి నిలబడ్డడు.

ఆగా కాలు మల్ల పైకి తీసుకున్నడు. "పర్వతాలూ, కేతేపల్లి దిక్కు పోనియ్యి," అన్నడు.

టాంగా కదిలింది. మంచు దాని మీద్నే పడుకుంట దానితోని పోయింది. జవాను ఈల ఊదిండు. పోరడు టాంగాల దాక్కొని సొంతూరికి పారిపోతుండని అమీన్ లారీ ఎక్కిండు. అన్ని బాటల మీద ఉన్న రజాకార్లను పిలిచి వాళ్లను గుడ ఎక్కిచ్చిండు. లారీ అంత దూరంల ఉండంగనే, తెల్లటి తెర లెక్క పడ్డ మంచు టాంగా ఎనక కరిగి, నల్లరేగడి బాట బురదయింది. లారీ చక్రాలు దిగబడ్డయి. దిగి నూకిన్రు, మల్ల దిగబడ్డయి. చేన్లల్ల జొన్న కోసేటోళ్లు కొడవండ్లు పట్టుకొని నిలబడి చూసిన్రు. ఒక ముసలామె మంచుకు కొంగు పట్టింది.

ఆగా ఎనక్కి తిరిగి చూడలేదు. వాని నవ్వు, చెంప మీది మసి, రేకు గిలాస, తెగిన ఫిలిం, ఒక్కొక్కటి యాదికి తెచ్చుకుంటుండె. ఎంత తలుచుకుంటే మంచు అంత గట్టిగ పడ్డది. గడ్డం గడ్డకట్టింది. పర్వతాలు తన గొంగడి తీసి ఆయనకు కప్పిండు.

నకిరేకల్ దాటినంక, పొద్దు వాలుతుంటే లారీ అందుకున్నది. రజాకార్లు టాంగా సీటు చింపిన్రు, కింద చూసిన్రు, గడ్డి చిమ్మిన్రు. ఆగా ఒక్కడే ఉన్నడు. మంచు మాత్రం పడ్తనే ఉన్నది.

అమీన్ ఆయన గల్లా పట్టి కిందికి గుంజిండు. "పోరడు ఏడి? మంచు ఆగలేదు. వాడు ఈడ్నే ఉండాలె!"

రెప్పల మీద మంచుతోని ఆగా ఆయన దిక్కు చూసిండు. "అమీన్ సాబ్, వాడు ఈడ ఉంటే నేను గింతగనం యాదికి తెచ్చుకుంటనా?"

అమీన్ చెయ్యి లేసింది. తర్వాత ఠాణల ఇంకా చాన చేతులు లేసినయి. కొన్నాళ్లకు పరదేశోడు గదా అని ఇడిచిపెట్టిన్రు. ఆగా ఎడమ చెయ్యి మల్ల సరిగ ముడుసుకోలేదు. కుడి చేత్తోనే చాయ పోసుకుంట హోటలు నడిపిండు.

ఆగా టాంగా ఎక్కిన పగలే ఎల్లస్వామి గొర్రెలోళ్ల మందల కలిసి, నెత్తికి గొంగడి చుట్టుకొని, మనిషి లేని దేవరకొండ బాట మీద నడిచిపోయిండు. ఆ ఏడు వానకాలం చివర ఇండియా మిలిట్రీ వచ్చింది. పోలీసు యాక్షన్ల రజాకార్లు తుపాకులు పడేసిన్రు. తర్వాత ఏ పాపం ఎరగని ముస్లింల దుకాండ్లు గుడ కాలినయి. ఆ దినాలల్ల గుర్వమ్మ హోటలు తలుపుకు అడ్డంగ కూసుని, "నన్ను దాటి పోండ్రి," అన్నది. ఎవలు దాటలేదు. మిలిట్రీ సంఘపోళ్ల కోసం అడివిల ఎతుకుతనే ఉండె గనుక ఎల్లస్వామి అమ్రాబాదు ఇడిచి రాలేదు. ఆడ్నే సాలమ్మ అనే పిల్లను పెండ్లి చేసుకున్నడు.

లడాయి ఆగినంక, ఒక ఎండకాలం వచ్చిండు. చంకల బిడ్డ, ఎనక సాలమ్మ. ఆగా కుర్చీల కూసుని కునుకు తీస్తుండె. గుర్వమ్మ తట్టి లేపింది.

"సాబ్, నేను," అన్నడు ఎల్లస్వామి.

వాకిట్ల మంచు మొదలైంది. జనం తమ తమ కప్పులు పట్టుకొని చూరు కిందికి జరిగిన్రు. సాలమ్మ బిడ్డను కొంగుల దాసుకొని, "తడుస్తున్నవ్, గిటు రారాదు," అని పిలిచింది.

ఎల్లస్వామి పోలేదు. బెంచీ గుంజుకొని, ముసలాయనకు ఎదురుంగ, ఆకాశం కింద కూసున్నడు. వాని నెత్తి ఎంటికలు తెల్లగైనయి, భుజాలు తెల్లగైనయి. చాయ చల్లారింది. ఆగా చానసేపు వాని మొఖం దిక్కే చూసిండు. ఎల్లస్వామి చూడనిచ్చిండు.