చూసినవాళ్లు పదకొండు మంది

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మారిబ్ పట్టణంలో ముక్బిల్ ఇంటి ముందుగదిలో పదకొండు మంది హుషారునిచ్చే ఖాత్ ఆకు నములుతూ కూర్చున్నారు. రోజూ జరిగేదే. ముక్బిల్ మేనల్లుడు జుబ్రాన్ తన ఫోను పక్కవాడికిచ్చాడు. అది చేతులు మారుతూ గదంతా తిరిగింది.

ఫోనులో నలభై సెకన్ల వీడియో ఉంది. అంతర్యుద్ధంలో అవతలి పక్షం సైనికుడొకడు పట్టుబడ్డాడు. అతని చేత బరఆ ఆడిస్తున్నారు. బరఆ మగవాళ్లు కత్తి పట్టి ఆడే ఆట. ఇతని నడుముకు కత్తి లేదు. చేతిలో వంటగరిటె ఉంది.

"ఏం తిప్పుతున్నాడ్రా గరిటె! మా ఆవిడ కూడా అలా తిప్పలేదు," అన్నాడొకడు.

"నా పెళ్లికి పిలుద్దాం మామా. ఆడతాడు, వడ్డిస్తాడు కూడా," అన్నాడు జుబ్రాన్.

ముక్బిల్ నవ్వాడు. "ఏదీ, ఇంకోసారి పెట్టు," అన్నాడు.

ముక్బిల్ కొడుకు ముసయిద్ ఏడు నెలలుగా అవతలి పక్షం చెరలో ఉన్నాడు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. అయినా ఎవరికీ గుర్తు రాలేదు.

అంతలో ఖాజీ హిజామ్ వచ్చాడు. ఖైదీల మార్పిడికి రెండు పక్షాల మధ్యా తిరుగుతున్న పెద్దమనిషి ఆయనే. అందరూ లేచి చోటిచ్చారు. జుబ్రాన్ ఫోను ఆయనకూ అందించాడు. ఆయన చివరిదాకా చూసి, జేబులోంచి కాగితం తీశాడు.

"ఇతని పేరు దైఫల్లా. గురువారం ఇతన్ని పంపితే నీ కొడుకు రావాలి ముక్బిల్. పొద్దున ఇతని అన్న ఫోన్ చేశాడు. వీడియో వాళ్లమ్మ కూడా చూసిందట. మార్పిడి లేదన్నాడు."



"నేను తీయలేదు ఖాజీ గారూ," అన్నాడు ముక్బిల్. "ఊరికే చూశానంతే."

"గరిటె ఇచ్చినవాడిది నేరమే. వాడికి శిక్ష పడాల్సిందే. కానీ ఇక్కడ పదకొండు మంది చూస్తారని తెలిసేగా వాడు ఫోను తీశాడు! ఖైదీని జనానికి వింతగా చూపకూడదని జెనీవా ఒప్పందంలో రాసి ఉంది. రెండు దేశాల యుద్ధమైనా, మన ఇంటి యుద్ధమైనా చిక్కినవాడి పరువు తీయకూడదు. ఆ కాగితం లేనప్పుడు కూడా మన తాతలు దీన్ని నల్లసిగ్గు, కడిగినా పోని మచ్చ అనేవాళ్లు. నువ్వు వినలేదూ?"

ముక్బిల్ నడుముపట్టీ విప్పి, కత్తితో సహా ఖాజీ ముందు పెట్టాడు. తప్పు ఒప్పుకున్నాను, తీర్పుకు కట్టుబడతాను అని దాని అర్థం. మరో ఇద్దరు కూడా అలాగే పెట్టారు. మిగతా ఎనిమిది మంది కదల్లేదు. జుబ్రాన్ ఆ ఎనిమిది మందిలో ఒకడు.

ఖాజీ మూడు కత్తులూ పట్టుకుని అవతలి పక్షం దగ్గరికి వెళ్లాడు. అవతలివాళ్లు ఒప్పుకోవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

మార్పిడి రోజున ఊరి బయట రోడ్డు మీద రెండు బస్సులు ఆగాయి. ముసయిద్ ఇంకా దిగలేదు. ముక్బిల్ ముందు దైఫల్లా దగ్గరకు వెళ్లాడు.

"నాయనా, ఆ వీడియో నేనూ చూశాను. నవ్వాను. నన్ను క్షమించు."

దైఫల్లా ఆయన వంక చూశాడు. అతనికి ఇరవై రెండేళ్లుంటాయి.

"మీరొచ్చి చెప్పారు కాబట్టి తెలిసింది పెద్దాయనా. చెప్పనివాళ్లెందరో నాకెలా తెలుస్తుంది? రేపు మా ఊళ్లో ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వారనుకుంటాను."

క్షమించానని అనలేదు. బస్సెక్కి కిటికీ తెర లాక్కున్నాడు.

ఆ సాయంత్రం ముసయిద్‌ను చూడటానికి బంధువులంతా వచ్చారు. "నీ చేత ఏమాడించార్రా అక్కడ?" అని అడిగాడు జుబ్రాన్.

"ఏమీ లేదు. తిండి తక్కువ, దుప్పట్లు పలచన. ఆ వీడియో వచ్చిన రోజు మాత్రం కాపలా అతను మా గది ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. దైఫల్లా అతని చిన్నాన్న కొడుకట. మమ్మల్ని కొడతాడనుకున్నాం. కళ్లు తుడుచుకుని నీళ్లు తెచ్చిపెట్టాడు."

జుబ్రాన్ ఫోను తీసి వీడియో తుడిచేశాడు. తుడిచినట్టు అందరికీ చూపించబోయాడు. ముక్బిల్ చూడలేదు.

"నీ ఫోనులో తుడిస్తే ఏమవుతుందిరా? ఎంతమందికి పంపావో నీకే తెలియదు," అన్నాడు. "చిక్కినవాణ్ని కొట్టలేదు కాబట్టి నేను మంచివాణ్ననుకున్నాను. చూసి నవ్వినవాడు కూడా కొట్టినవాడే."