పదకొండో గడి

లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా ఇరవై ఏడేళ్ళు పనిచేసి, యాభై రెండో ఏట ఆయన తనంతట తానే ఉద్యోగం వదులుకున్నాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని "చెవులాయన" అనేవారు. మోటారు గదిలో ఓ మూల నిలబడి, కళ్ళు మూసుకుని నిమిషం వింటే చాలు, ఏ బేరింగు అరిగిందో, ఏ తాడు వదులైందో చెప్పేసేవాడు. అలాంటి మనిషి ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉండగానే ఎందుకు వెళ్ళిపోతున్నాడో ఎవరికీ అంతు పట్టలేదు. అడిగినవాళ్ళందరికీ, "మోకాళ్ళయ్యా. ఇక ఆ నిచ్చెనలు ఎక్కడం నావల్ల కాదు" అని ఒకటే మాట చెప్పాడు. భార్యకూ అదే చెప్పాడు.

నిజానికి మోకాళ్ళు దివ్యంగా ఉన్నాయి.

మొదటి వారం హాయిగానే గడిచింది. పొద్దెక్కేదాకా పడుకున్నాడు. వంటింట్లో డబ్బాలన్నీ దించి, తుడిచి, ఎత్తును బట్టి వరసగా సర్దాడు. సాయంత్రం భార్య వచ్చి ఏ డబ్బాలో ఏముందో తెలియక పావుగంట తడుముకుంది. "మహానుభావా, మీకో దండం. నా వంటింటికి మాత్రం తనిఖీలు వద్దు" అంది. ఆమె ఒక పళ్ళ ఆసుపత్రిలో ముందు కౌంటరు దగ్గర పనిచేస్తుంది. తొమ్మిదిన్నరకు వెళ్తే మళ్ళీ సాయంత్రం ఆరింటికే రావడం. కూతురు పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటోంది. పగలంతా ఇంట్లో ఆయనొక్కడే.

రెండో వారంలో భయం మొదలైంది. చీకట్లో కాదు, పట్టపగలు, పదిన్నర ప్రాంతంలో. పక్క ఫ్లాట్ల వాళ్ళు పనులకు వెళ్ళిపోయి, మెట్ల మీద అలికిడి ఆగిపోయి, కిటికీలోంచి ఎండ తిన్నగా సోఫా మీద పడే వేళకి ఉన్నచోట ఉండలేక గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగేవాడు. దూరంగా అంబులెన్సు కూత వినిపిస్తే చేతిలో ఉన్నది కింద పెట్టేసి, అది ఏ దిక్కుకు పోతోందో చెవులు రిక్కించి వినేవాడు. తూర్పుకి పోతే ఊపిరి పీల్చుకునేవాడు. పడమటికి పోతే కూర్చున్నచోటే చెమటలు పట్టేవి.

పడమటి వైపున బట్టల కొట్టు మీద ఎనిమిది అంతస్తుల భవనం ఒకటుంది. ఆయన భయమంతా దాని గురించే.

తనిఖీ కాగితంలో పంతొమ్మిది గడులుంటాయి. ఒక్కో పరీక్ష అయ్యాక ఒక్కో గడిలో టిక్కు పెట్టి, చివర సంతకం చేయాలి. పదకొండో గడి సేఫ్టీ బ్రేకుది. తాళ్ళు తెగి లిఫ్టు కిందికి జారితే, దానంతటదే పక్కనున్న ఇనుప పట్టాలను కరిచి పట్టుకునే బ్రేకు అది. దాన్ని పరీక్షించాలంటే లిఫ్టులో బరువులు పెట్టి, కావాలని జార్చి, పట్టుకుంటుందో లేదో చూడాలి. పట్టుకున్నప్పుడు ఎముకల్లో దిగేలా ఒక కీచుమనే చప్పుడు వస్తుంది. ఇన్నేళ్ళలో తను పరీక్షించిన ప్రతి లిఫ్టు కీచూ ఆయనకు గుర్తే.

ఉద్యోగం మానేయడానికి ఆరు నెలల ముందు, ఒక సాయంత్రం ఆఫీసులో కూర్చుని ఆ రోజు చూసిన మూడు భవనాల కాగితాలు పూర్తి చేస్తున్నాడు. మూడోది ఆ బట్టల కొట్టు భవనం. పంతొమ్మిది టిక్కులూ పెట్టి, సంతకం చేసి, కలం మూత బిగించాక అనుమానం వచ్చింది. మొదటి రెండింటి చప్పుడూ చెవిలో ఉంది. మూడోదాని చప్పుడు లేదు. ఎంత వెతికినా లేదు. ఆ పరీక్ష చేశాడా? చేయకుండానే చెయ్యి అలవాటుగా టిక్కు పెట్టేసిందా? ఆ రోజు ఒంట్లో బాగాలేకపోవడం, ఇంట్లో గొడవ, అలాంటివేమీ లేవు. మామూలు రోజు. అందుకే మరీ భయం వేసింది.

రేపు వెళ్ళి మళ్ళీ చూద్దాం అనుకున్నాడు. రేపు వేరే పని పడింది. ఎల్లుండి పై అధికారి పిలిచాడు. వారం దాటాక వెళ్తే ఎందుకొచ్చావంటారు. నెల దాటాక ఆ మాట నోటితో చెప్పడానికే సిగ్గు. ఈలోగా, ముందుగా వెళ్ళిపోదలచినవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చని నోటీసు వచ్చింది. పెట్టేశాడు. బల్ల తాళంచెవులతో పాటు ఆ భయాన్ని కూడా ఆఫీసులోనే అప్పజెప్పి రావచ్చనుకున్నాడు.

అది ఆయన వెంటే ఇంటికొచ్చింది. ఆఫీసులో రోజుకు మూడు భవనాలు, ముప్పై ఫోన్ల మధ్య దానికి చోటుండేది కాదు. ఇప్పుడు రోజంతా దానిదే.

రెండు నెలలు తిరిగేసరికి భార్య లేవకముందే పేపరు తీసి, లోపలి పేజీల్లో ప్రమాదాల వార్తలు వెతకడం అలవాటైంది. ఇక ఉండబట్టలేక ఒక సాయంత్రం నాలుగింటికి ఆ భవనానికి వెళ్ళాడు. ఏడో అంతస్తులో ఒక సంగీతం టీచరు ఉంది. ఆ వేళకి వయొలిన్ పెట్టెలు పట్టుకుని పిల్లలు బిలబిలమని వస్తున్నారు. ఆరుగురు పట్టే లిఫ్టులో ఎనిమిది మంది ఎక్కారు. తలుపులు మూసుకున్నాయి. ఆయన గోడకి ఆనుకుని, అంకెలు ఒకటి, రెండు, మూడు అని మారుతుంటే ఊపిరి బిగబట్టి చూశాడు. ఏడు దగ్గర ఆగింది. మళ్ళీ ఊపిరి తీసుకున్నాడు.

మరునాడూ వెళ్ళాడు. ఆ మరునాడూ. తను అక్కడ నిలబడినంత మాత్రాన ఒరిగేదేమీ లేదని తెలుసు. కానీ ఇంట్లో కూర్చుంటే ప్రాణం నిలవడం లేదు. కనీసం ఆరుగురికి మించి ఎక్కకుండా చూసేవాడు. "ఆగండాగండి, ఇద్దరు దిగండి, మళ్ళీ వస్తుందిగా" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. పిల్లలు ఆయనకు "లిఫ్టు తాత" అని పేరు పెట్టారు. ఆ భయంలోనూ ఆయనకు ఉక్రోషం వచ్చింది. "తాత ఏమిటమ్మా? అంకుల్ అనండి."

తొమ్మిదో రోజున వాచ్‌మన్ కుర్చీ వదిలి దగ్గరికొచ్చాడు.

"ఎవరింటికి సార్?"

"ఏడో అంతస్తు. సంగీతం టీచరు గారింటికి."

"మీ పిల్లలు నేర్చుకుంటున్నారా?"

"లేదు. నేనే నేర్చుకుందామని."

"తొమ్మిది రోజుల్నించి చూస్తున్నా. ఒక్కరోజూ పైకెళ్ళలేదు మీరు. పిల్లలు వచ్చే టైముకి వస్తారు, పిల్లల్నే చూస్తూ నిలబడతారు. తల్లిదండ్రులు నన్నడుగుతున్నారు, ఎవడాయన అని. మీ కార్డేదైనా ఉంటే చూపించండి."

ఆయన చెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి పోయింది. కార్డు ఎప్పుడో ఆఫీసులో ఇచ్చేశాడు. జేబులో కళ్ళజోడు తుడుచుకునే గుడ్డముక్క తప్ప ఏమీ లేదు. "నేను లిఫ్టు ఇన్‌స్పెక్టర్ని..." అనబోయి, ఆ మాట ఇప్పుడు అబద్ధమని గుర్తొచ్చి ఆగిపోయాడు. వాచ్‌మన్ ఫోను తీసి టక్కున ఫొటో కొట్టాడు. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్పుకున్న ఆయన వెనక్కి తిరిగి, రెండు వీధులు ఆగకుండా పరుగులాంటి నడక నడిచాడు.

మరునాడు పన్నెండింటికి తలుపు తాళం తీసిన చప్పుడు వినబడితే ఉలిక్కిపడి లేచాడు. ఆ వేళప్పుడు భార్య ఎప్పుడూ ఇంటికి రాదు. వచ్చి, చెప్పులైనా విప్పకుండా, ఫోను ఆయన ముందు పెట్టింది. అందులో ఆయన ముఖం. లిఫ్టు పక్కన, దొంగలా, కళ్ళు పెద్దవి చేసుకుని. కింద ఎవరో రాశారు: 'ఈ మనిషి కనబడితే జాగ్రత్త. పిల్లల కోసం తిరుగుతున్నాడు.'

"పన్ను పీకించుకోవడానికి వచ్చినావిడ చూపించింది" అంది భార్య. "వాళ్ళమ్మాయి అక్కడ సంగీతం నేర్చుకుంటుందట. నాకు చూపించి, జాగ్రత్తమ్మా, ఇలాంటివాళ్ళు మన మధ్యే తిరుగుతుంటారు అంది. మా ఆయనే అని చెప్పలేక, ఆ ఫొటో నాకూ పంపండి అన్నాను. ఏంటండీ ఇది? నాకు చెప్పండి. ఏదైనా సరే, నాకు చెప్పండి."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. మొదట మోకాళ్ళ సంగతి చెప్పాడు. తర్వాత పదకొండో గడి. తర్వాత అంబులెన్సులు, పేపరు, వయొలిన్ పెట్టెలు. అంతా అయ్యేదాకా ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఎనిమిది నెలలా! ఎనిమిది నెలలు ఇది కడుపులో పెట్టుకుని, నా డబ్బాలు సర్దారా?"

"చెప్తే ఏమవుతుందోనని..."

"మా దగ్గరికీ వస్తారు ఇలాంటివాళ్ళు. దవడంతా వాచేదాకా నొప్పి అని చెప్పరు. డాక్టరంటే భయమట." ఆమె లేచి ఆయన ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. "మీ ఆఫీసుకు చెయ్యండి. ఇప్పుడే. ఆ లిఫ్టులో ఈ పూట కూడా పిల్లలు ఎక్కుతారు."

"నా పేరు పోతుందే."

"ఆ ఫొటోతో ఇంకా మిగిలుందా?"

ఆ మాటకు ఇద్దరికీ నవ్వు రావలసింది. రాలేదు.

ఆయన స్థానంలో వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆయన దగ్గరే పని నేర్చుకున్న పొట్టిపిల్ల. ఆఫీసులో "బుల్లి ఇన్‌స్పెక్టరు" అనేవారు. రెండో రింగుకే ఎత్తింది. "సార్! ఎన్నాళ్ళకి! మోకాళ్ళెలా ఉన్నాయి?" అంది. ఆయన చెప్పింది విన్నాక ఆ గొంతులో సంతోషం పోయింది.

"సార్, మీరిది నాకు చెప్తే నేను కాగితం మీద పెట్టాలి. తెలుసు కదా?"

"తెలుసమ్మా. పెట్టు."

గంటలో ఆ లిఫ్టు ఆపించింది. మరునాడు పొద్దున్నే పరీక్ష. ఆయన్ని కూడా రమ్మంది. భార్య సెలవు పెట్టి వెంట వచ్చింది. వాచ్‌మన్ ఆయన్ని చూసి లేచి అరవబోతే, బుల్లి ఇన్‌స్పెక్టరు, "ఆయన మా సారండీ. నేనే రమ్మన్నాను" అంది. వాచ్‌మన్ ఏమీ అర్థంకాక తన కుర్చీ తీసి ఆయన భార్యకు వేశాడు.

లిఫ్టులో బరువులు పెట్టారు. మనుషులెవరూ లేరు. మెకానిక్కూ ఇన్‌స్పెక్టరూ పైన మోటారు గదిలో ఉన్నారు. ఆయన నాలుగో అంతస్తు మెట్ల మీద కూర్చుని, చెవిని లిఫ్టు గోడకు ఆనించాడు.

పైన మోటారు బ్రేకు వదిలిన టక్కుమనే చప్పుడు వచ్చింది. లిఫ్టు కదిలింది. జారింది. ఇప్పుడు కీచుమనాలి.

కీచుమంది. కానీ ఒక్క పక్కే. ఎడమ పట్టా మీద మాత్రమే, అది కూడా బిగుసుకోని కీచు, గోళ్ళతో గోడ గీకినట్టు. రెండో పక్క చప్పుడే లేదు. లిఫ్టు ఓ పక్కకి ఒరిగి, ఆయన చెవి పక్కనుంచే గోడను రాసుకుంటూ కిందికి పోతోంది. ఆయన లేచి, "ఆపండి! పట్టలేదు! ఆపండి!" అని కేకపెట్టాడు. పైన మెకానిక్ అప్పటికే మీట నొక్కేశాడు. లిఫ్టు రెండు అంతస్తులు జారి, మోటారు బ్రేకు మీద ఆగింది.

ఆయన గోడ పట్టుకుని కూలబడ్డాడు. ఆ ఎనిమిది మంది పిల్లలు కళ్ళ ముందు కదిలారు. ఈ ఎనిమిది నెలల్లో ఏ రోజైనా తాడు తెగి ఉంటే... కిందనుంచి భార్య ఏమండీ అని కేకేస్తూ పరుగెత్తుకొస్తోంది.

కుడి పక్క బ్రేకు తుప్పుపట్టి, పాత గ్రీజు రాయిలా గట్టిపడి, కదలకుండా ఉందని తేలింది. రెండు రోజుల్లో మార్చారు.

విచారణకు ఆయన్ని ఆఫీసుకు పిలిచారు. పాత పై అధికారి మంచివాడు. తలుపు దగ్గరగా వేసి, మెల్లగా అన్నాడు: "తుప్పు ఈ ఎనిమిది నెలల్లోనే పట్టి ఉండొచ్చు కదా. ఆ రోజు పరీక్ష చేశాను అని ఒక్క ముక్క రాయండి. ఇక్కడితో పోతుంది."

ఆయన ఆ తెల్లకాగితం దగ్గరికి లాక్కున్నాడు. ఒక్క ముక్క. రాస్తే ఇంటికి పోయి పడుకోవచ్చు.

"గుర్తు లేదండి" అన్నాడు చివరికి. "చేయలేదనే అనుకుంటున్నాను. అలాగే రాస్తాను."

దాంతో ఆ తనిఖీ నెలలో ఆయన సంతకం పెట్టిన మిగతా అరవై రెండు లిఫ్టులూ మళ్ళీ పరీక్షించాలని ఆర్డరు వేశారు. ఆ నాలుగు వారాలూ ఆయన అన్నం సరిగ్గా తినలేదు. రోజూ ఐదింటికి బుల్లి ఇన్‌స్పెక్టరు ఫోను చేసేది. "ఈ రోజు మూడు సార్. మూడూ బాగున్నాయి." ఫోను మోగకముందే దాన్ని చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. ఈసారి మాత్రం భార్య పక్కనే ఉండేది. ఐదింటికల్లా ఇంటికి చేరడానికి ఆసుపత్రిలో వేళలు మార్చుకుంది. అరవై రెండూ బాగానే ఉన్నాయి. చివరిదీ బాగుందని చెప్పాక బుల్లి ఇన్‌స్పెక్టరు ఫోను పెట్టేయకుండా, "సార్, ఈ మాట నేనైతే చెప్పేదాన్నో లేదో" అని ఆగిపోయింది. ఆయన రికార్డులో మందలింపు రాశారు. సంగీతం టీచరు పిల్లల తల్లిదండ్రులకు ఫొటో సంగతి విడమరిచి చెప్పింది. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు.

అంతా సర్దుకుందనుకున్న రోజున, కూరగాయలు తరుగుతూ ఆయన ఉన్నట్టుండి కత్తి ఆపాడు.

"ఒకటి మిగిలింది" అన్నాడు.

"మళ్ళీ ఏమిటి?"

"ఆ రోజు నాకెందుకు గుర్తు లేదు? ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనిది. మా నాన్నకి కూడా ఇలాగే మొదలైంది. మొదట చిన్న చిన్నవి. ఆఖర్న నన్నే ఎవరని అడిగాడు." కత్తి పక్కన పెట్టాడు. "ఉద్యోగం మానేసింది అందుకే. మళ్ళీ ఏ కాగితం మీద ఏం చేస్తానోనని."

ఆమె స్టవ్ ఆపేసింది. "అయితే అదీ చూపిద్దాం" అంది.

డాక్టరు బొమ్మలు గీయించాడు. వెనక నుంచి అంకెలు చెప్పించాడు. ఐదు మాటలు చెప్పి, పది నిమిషాల తర్వాత అడిగాడు. ఆయన నాలుగు చెప్పాడు. ఐదోది రాలేదు. గదిలో గడియారం చప్పుడు, బయట ఎవరో దగ్గుతున్న చప్పుడు, అన్నీ విన్నాడు, ఆ మాట మాత్రం రాలేదు.

"నాలుగంటే మామూలే. చాలామంది అంతే చెప్తారు" అన్నాడు డాక్టరు. "ఇప్పుడైతే భయపడాల్సిందేమీ కనబడలేదు. ఆరు నెలల తర్వాత ఒకసారి రండి, మళ్ళీ చూద్దాం."

బయటికి వచ్చారు. మధ్యాహ్నపు రద్దీ. రోడ్డు దాటడానికి ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన అడుగు ముందుకు వేయలేదు.

"భయంగా ఉందా?" అంది.

"ఉంది" అన్నాడు.

అడగగానే ఆ మాట దాచకుండా ఒప్పుకోవడం ఆయనకిదే మొదటిసారి. బస్సు ఒకటి పోయేదాకా ఆగి, ఇద్దరూ రోడ్డు దాటారు.