జాబర్‌కు మూడు వేళ్ల జాగ

ఆగుండ్రి. ఏ పనిల ఉన్నా సరే, చేతిలది కింద పెట్టి జర ఇనుండ్రి. చేప కథనే ఇది, వేలెడంత చేప. మధ్యల మాత్రం లేశి పోవద్దు.

భివండిల శాంతి నగర్ల, ఒక సాంచాల, అంటే మరమగ్గాల, కారఖాన గోడకు ఆనుకొని ఒక అర్ర, ఒక వంటిల్లు. అండ్ల రాజమౌళి, ఆయన పెండ్లాం యమునాబాయి, వాళ్ల బిడ్డ ప్రాజక్త. రాజమౌళి సిరిసిల్ల దిక్కుకెళ్లి పద్దెనిమిదేండ్లప్పుడు వచ్చి, గోడ అవతలి కారఖానలనే ముప్పై ఏండ్లు సాంచాలు నడిపిండు. బట్ట నేశిండు, నూగు మింగిండు. ఇప్పుడు పదడుగులు నడిస్తే చాలు, రొమ్ములకెళ్లి ఈల ఊదినట్టు సప్పుడు. డాక్టరు కారఖాన గడప తొక్కొద్దన్నడు. తొక్కకపోతే ఏమాయె? ఆ దూది నూగు కిటికీ సందులకెళ్లి ఇంట్లకు రానే వస్తది. అన్నం మీద పడ్తది, టీవీ మీద పడ్తది, కంటి రెప్పల మీద పడ్తది. అందుకే ఆ గల్లీల మూత లేని గిన్నె ఒక్కటి కనవడది.

ప్రాజక్త పక్కూరు కాల్హేర్ల ఒక గోదాముల డబ్బలు స్కాన్ చేసే పని చేస్తది. ఇరవయొక్కేండ్లు. ఇంటికొచ్చేసరికి బాపు మంచంల గోడ దిక్కు తిరిగి పండుకొని ఉంటడు. అన్నం రెండు ముద్దలు. ఊపిరికి పీల్చే పంపు దిండు కింద అట్లనే ఉంటది.

"పంపు ఎందుకు పీలుస్తలేవు బాపూ?"

"ఎన్ని దినాలకింక, ఇడువు."

ఒక దినం మాత్రం ఆయన తిరిగిండు. పొడుగు మాట చెప్పాలంటే మూడుసార్లు ఆగాలె ఆయన. "సచ్చుడుకు భయం లేదు బిడ్డా. గాలి దొరకక... కొట్టుకొని కొట్టుకొని సచ్చుడు... గదే భయం."

ప్రాజక్త వంటింట్లకు పోయి నల్లా తిప్పింది. నల్లాల నీళ్లు లేవు, ఆ దినం నీళ్ల దినం కాదు.

మర్నాడు గోదాముల తిండి బెల్లయినంక ఫోన్ల ఒక వీడియో చూసింది. బెట్టా చేప. ఎర్రగ, పెండ్లి చీర కుచ్చిళ్ల లెక్క రెక్కలు. దీనికి నీళ్లల్ల ఉన్న గాలి సాలదంట! మాటిమాటికి పైకొచ్చి, మూతి బయట పెట్టి, మన లెక్క గాలి మింగి పోతదంట! ప్రాజక్త డబ్బ మూత పెట్టుడు మరిచిపోయింది. బాపుకు చూపియ్యాలె, ఇంకేం లేదు, బాపుకు ఇది చూపియ్యాలె!

ఆదివారం గైబీ నగర్ల, పెంపుడు చేపలమ్మే అమోల్ దుకాణానికి పోయింది. అమోల్ చిన్న సీసల ఉన్న చేపను అట్లనే చేతికిచ్చిండు.

"ఇంకేం వద్దు తాయి. గింత చేప, ఈ సీసలనే బతుకుతది. నీళ్ల టాకీ ఎందుకు?"

"నువ్వు ఉండరాదు ఆ సీసల, రెండు దినాలు. మంచిగుంటే చెప్పు."

అమోల్ నవ్వి పది లీటర్ల అద్దం టాకీ తీసిండు. తోక కొసకు చిన్న చినుగు ఉన్న ఎర్ర చేపనే ఏరుకున్నది ప్రాజక్త. ఎందుకంటే అది అందరికన్న ఎక్కువ కోపం చేస్తుండె.

ఇగ ఇంట్ల చూడాలె ఆ పని! ఇసుకను ఏడు నీళ్లల్ల కడిగింది. నల్లా నీళ్లల్ల మందు కలుపుతరు, అది చేపకు పడదని బకెట్ల నీళ్లు రెండు దినాల ముందునుంచే పట్టి పెట్టింది. మోటరు వద్దు, ఈ చేపకు ఉరికే నీళ్లు పడయ్. కారఖాన గోడకు ఆనిస్తే సాంచాల దడకు నీళ్లు వణుకుతయని, బాపు మంచం పక్కన స్టూలేసి, దాని మీద గోనెసంచి నాలుగు మడతలేసి, టాకీ అండ్ల కూసోబెట్టింది. ఒక పచ్చ మొక్క నాటింది. ఎండిన బాదం ఆకు ఒకటి ఏస్తే నీళ్లు సన్నగ ఎర్రవడ్డయ్.

యమునాబాయి తొంగి చూసింది. "ఏందే, చేపకు చాయ పెడ్తున్నవా? అల్లం ఎయ్యాల్నా?"

పక్కింటి బుచ్చమ్మ గడపల నిలవడి మూతి తిప్పింది. "చేపను పులుసు పెడ్తరని ఎరుక గని, దానికి బంగ్లా కడ్తరని ఇప్పుడే చూస్తున్న."

"నీకు కిరాయికి ఇయ్యాల్నా అత్తా, ఒక మూల?" అన్నది ప్రాజక్త.

రాజమౌళి నవ్విండు. నవ్వితే దగ్గొస్తదని చాన దినాలకెళ్లి నవ్వుడు బంద్ చేసిన మనిషి. దగ్గుకుంటనే నవ్విండు.

అప్పుడు ప్రాజక్త బాపు చెయ్యి పట్టి, ఆయన మూడు వేళ్లు అద్దానికి అడ్డంగ ఆనించింది. "నీళ్లు గీ వేళ్ల కిందికే ఉండాలె బాపు. పైన గీ జాగ దీనికి గాలి. నూగు పడకుంట దోమతెర ముక్క కడ్తున్న, గాలి ఆడాలె కదా. పొద్దుమాపు దులుపుతే సాలు."

బాపుకు చెప్పింది. అమ్మ అప్పటికే మెట్లు దిగి దుకాణానికి పోయి ఉండె. అమ్మకు మల్ల చెప్పలే. అమ్మకు చేపల సంగతి ఎందుకనుకున్నది.

చేపను ఇడిశిండ్రు. అది టాకీ మొత్తం ఒక చుట్టు తిరిగి, రెక్కలు ఇచ్చుకొని, రాజమౌళి మొఖానికి ఎదురుంగ వచ్చి నిలవడ్డది.

"ఓర్నీ! గీడు అచ్చం మా జాబర్ లెక్కనే ఉన్నడు," అన్నడు రాజమౌళి. కారఖానల సాంచాలు రిపేరు చేసేటోన్ని జాబర్ అంటరు. వాడు కూడ గట్లనే రొమ్ము ఇరుసుకొని సాంచాల నడుమ తిరుగుతడు. "పనేం చెయ్యడు, తిరుగుడే!"

గట్ల దానికి జాబర్ అని పేరు పడ్డది.

తర్వాత ఏమైందంటే, రాజమౌళి గోడ దిక్కు తిరిగి పండుడు మానేసిండు. జాబర్ పైకొచ్చి గాలి మింగితే, ఈయన దిండు కిందకెళ్లి పంపు తీసి ఒకసారి పీల్చుడు. "వాడు మింగిండు, నేను మింగాలె కదా." దోమతెర మీది నూగు పొద్దుమాపు ఆయనే దులిపేది. ఒక ముద్ద ఎక్కువ తిన్నడు. అద్దానికి మొఖం ఆనిచ్చి గుసగుస మాట్లాడిండు కూడ. సాంచాల దడల ముప్పై ఏండ్లు ఒర్లి ఒర్లి బతికిన మనిషి గుసగుస మాట్లాడుడు ప్రాజక్త ఎన్నడు ఇనలే.

"వానికీ నాకూ ఒకటే బీమారి బిడ్డా. కాకపోతే వాడు శానోడు. ఎట్ల బతకాల్నో ఎరుక వానికి."

యమునాబాయి ఇదంత చూసింది. చూసి, ఒక దినం చెంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్ల ఏడ్చింది, సంతోషానికి.

రెండు నెలలు గట్ల నడిచినయ్. వానలు పడ్డయ్. గాలి చెమ్మవట్టింది. ఒక గురువారం పొద్దుగాల రాజమౌళి పెదవులు నల్లవడ్డయ్. ఆటోల దవాఖానకు ఏసుకపోయిండ్రు. మొఖానికి మాస్కు పెట్టిండ్రు. మాస్కులకెళ్లే ఆయన అడిగిండు. "వానికి తెర... ఎవరు దులుపుతరు?"

"నేను పోతనయ్యా," అన్నది యమునాబాయి. "రేపు నీళ్ల దినం, పోక తప్పది. నీ జాబర్‌ను నేను చూసుకుంట."

ప్రాజక్త బాపు కాడ ఉన్నది. అమ్మ ఇంటికి పోయింది.

ఇగ ఇక్కడ ఆ గల్లీ పద్ధతి మీకు తెల్వాలె. నీళ్లొచ్చేది దినం ఇడిశి దినం, గంట సేపు. ఆ గంటల డ్రమ్ము, బిందె, చెంబు, గిలాస, ఇంట్ల ఉన్న ప్రతిదీ కొసదాక నింపాలె. వెలితి కుండ ఉంచిన ఆడిదాన్ని చూసి గల్లీ నవ్వుతది. నింపినంక నూగు పడకుంట గట్టిగ మూతెయ్యాలె. యమునాబాయి ఇరవై ఐదేండ్లకెళ్లి చేస్తున్నది ఇదే. చేతులకు ఒకరు చెప్పనవసరం లేదు.

శనివారం పొద్దుగాల బాపుకు జర నయమయింది, పొద్దుగూకేసరికి ఇంటికి పంపుతమన్నరు. అమ్మను బాపు కాడికి రమ్మని, ప్రాజక్త బట్టల కోసం ఇంటికొచ్చింది. అమ్మ చెప్పులేసుకుంట గడపలనే చెప్పింది.

"నీ చేపకు ఏం తక్కువ చెయ్యలే బిడ్డా. నీళ్లు కిందికి దిగినయని కొసదాక పోసిన. ఆ జాలీ తెర నూగును ఏం ఆపుతది, పిల్ల! తీసేసి పాలితీన్ కట్టిన, చుట్టూర దారం చుట్టి. ఒక్క పోగు పడదు ఇగ. నిన్నటికెళ్లి బుద్ధిగ ఉన్నది, పైకే చూస్తున్నది."

అమ్మ మెట్లు దిగి పోయింది.

ప్రాజక్త టాకీ కాడికి పోయింది. నీళ్లు అంచుకు ఉన్నయ్. వాటికి అతుక్కొని పాలితీన్, నడుమ గాలికి ఎంటిక సందు లేదు. నేతోళ్ల ఇంటి ముడి, గోటితో ఇప్పితే రాదు. జాబర్ పాలితీన్‌కు మూతి ఆనిచ్చి ఉన్నడు. రెక్కలు మూసుకున్నయ్. ప్రాజక్త పండ్లతోటి దారం కొరికి, చెయ్యి పెట్టి తీసింది. అరచేతిల ఏం బరువు లేదు, కదలిక లేదు.

గోదాముల ఎవరు తిట్టినా ఏడ్వని పిల్ల, ఇసుక మీద పడ్డ బాదం ఆకును చూసి ఏడ్చింది. అమ్మ మీద కోపమొచ్చింది. గంతల్నే తన మీద వచ్చింది. ఒక్క మాట, మూడు వేళ్ల మాట, అమ్మకు చెప్తే ఏం పోయేది?

అమోల్ దుకాణానికి ఉరికింది. ఎర్ర చేపలు నాలుగున్నయ్. ఒక్కదానికీ తోకల ఆ చినుగు లేదు. రెండు నెలలు పొద్దంత అదే పనిగ చూసిన బాపు కండ్లు, మోసపోతయా? ఉత్త చేతులతోటి వచ్చింది. జాబర్‌ను ఆకుల చుట్టి, బుచ్చమ్మ కరివేపాకు పెట్టిన డబ్బల మట్టి తీసి పెట్టింది. బుచ్చమ్మ చూసింది. మూతి తిప్పలే. ఒక చెంబు నీళ్లు తెచ్చి పోసి, లోపలికి పోయింది.

పొద్దుగూకేసరికి ఆటో ఆగింది. రాజమౌళి మెట్టు మెట్టుకు నిలవడుకుంట ఎక్కిండు. మంచంల కూసున్నడు. టాకీ చూసిండు. నీళ్లు, మొక్క, ఇసుక.

"జాబర్ ఏడి?"

"పోయిండు బాపు."

"అయ్యో," అన్నది యమునాబాయి, చేతిల సంచి అట్లనే పట్టుకొని. "పొద్దుగాల మంచిగనే ఉండె కదనే! నేను ఇంత పదిలంగ చూస్తి..." ఆమె మాట సగంల ఆగింది. టాకీ దిక్కు చూసింది, పక్కన కొరికి పారేసిన దారం దిక్కు చూసింది, బిడ్డ దిక్కు చూసింది.

గోడ అవతల సాంచాలు దడదడ కొట్టుకుంటున్నయ్. రాజమౌళి ప్రాజక్త మణికట్టు పట్టుకున్నడు. అంత బలం ఇంక ఉన్నదా ఆ చేతిల అనిపించింది.

"నిజం చెప్పు బిడ్డా. వానికి... గాలి అందకనా?"

పంపు ఇంక దిండు కిందనే ఉన్నది. అవునంటే బాపు మల్ల దాన్ని ముడతడో ముట్టడో. ఆ పాలితీన్ కట్టిన చేతులు అక్కడనే, గడపల, చెంగు అంచును నలుపుకుంట నిలవడి ఉన్నయ్. కాదంటే, ముప్పై ఏండ్లు సాంచాల దడల మనుషుల పెదవులు చూసి మాట పట్టిన మనిషి ఆయన, బిడ్డ పెదవుల మీది అబద్ధం ఆయనకు పట్టువడదా?

ఇద్దరు ప్రాజక్త నోటి దిక్కే చూస్తున్నరు. చెప్పుండ్రి, ఆ పిల్ల జాగల మీరుంటే ఏమంటరు?