పక్షి రెక్కను చూసినవాడు

మా కుట్టుమెషిన్ల గదిలో ఆ ఉదయం గొడవ మొదలుపెట్టింది మా మరిది. వార్తలు విన్నాడంటే అతని నోరు ఊరుకోదు.

"వదినా, మన కంప్యూటర్‌లో యాంటీవైరస్ ఏ దేశానిదో తెలుసా? మన మీదికి కాలు దువ్వుతున్నవాళ్ళది! తీసెయ్. కంచే చేను మేస్తుంది."

"ఇన్నాళ్ళూ మేయనిది ఇవాళే మేస్తుందా?" అన్నానుగానీ, నా బుర్రలోనూ పురుగు దొలవడం మొదలుపెట్టింది. ఆ కంప్యూటర్‌లో ఉన్నది మన ఆటగాళ్ళ చొక్కాల మీద కుట్టాల్సిన కొత్త గుర్తు, ఓ పక్షి బొమ్మ. పోటీ సరిగ్గా ఆ దేశంతోనే. ఆటరోజుకు ముందే బొమ్మ బయటికి పొక్కితే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని జట్టు మేనేజరమ్మ ముందే చెప్పింది. అదే జరిగితే మేము ఈ గదికి తాళం వేసుకోవడమే.

తీసెయ్యడం ఎంతసేపు! కానీ వైరస్‌లు రాకుండా చూసే ఆ కాపలావాడికి మన ఇంట్లో ఏమేం కనిపిస్తాయో తెలుసుకోకుండా తీసేస్తే నాకు అన్నం సహించదు. అత్తగారిని అడిగాను. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. బొమ్మలు కుట్టే మా మెషిన్‌ని నడిపే ప్రోగ్రాం ఆవిడ రాసిందే. బొమ్మ ఫైలు విడిగా ఉంటే మేము పారేసుకుంటామని ఆవిడ చాదస్తం. అందుకని ప్రతి బొమ్మనూ ప్రోగ్రాం కడుపులోనే పెట్టి, కొత్త ప్రోగ్రాంగా తయారుచేస్తారు. యాంటీవైరస్‌కేమో ప్రతిసారీ ముక్కూమొహం తెలియనివాడు ఇంట్లో దూరినట్టే. పట్టుకుని మూల కూర్చోబెడుతుంది.

"అప్పుడు మీరేం చేస్తారత్తయ్యా?"

"నా ప్రోగ్రాంని దొంగంటే ఊరుకుంటానా? 'సరిగ్గా చూసి చెప్పండి' అని ఆ యాంటీవైరస్ కంపెనీకే పంపిస్తా. బుద్ధిగా తప్పొప్పుకుని వదిలేస్తారు."

నేను కంప్యూటర్ వైపు తిరిగాను. "ఆటగాళ్ళ బొమ్మ ఉన్నది కూడానా?"

"అదీ పంపా. మొన్నే వదిలేశారుగానీ, జవాబే రాలేదు."

మరిది నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "అమ్మా! వాళ్ళు దొంగచాటుగా చూస్తారేమోనని నేను చస్తుంటే, నువ్వు పిలిచి పీటేసి చూపించావా!"

"అరవకు. ఏం చూశారో చూద్దాం" అని మెయిల్ తెరిచాను.

జవాబు వచ్చే ఉంది. మీ ప్రోగ్రాం మంచిదే, ఇబ్బంది పెట్టినందుకు మన్నించండి అని రాశారు. దాని కింద కంపెనీ మాటల్లా లేనివి ఇంకొన్ని ఉన్నాయి. "పక్షి ఎడమ రెక్క చివర కుట్లన్నీ ఒకేచోట పడుతున్నాయి. అక్కడ దారం తెగుతుంది. మా అమ్మది కూడా ఇదే పని, అందుకే చెబుతున్నాను."

అత్తగారు గబగబా రెక్కను పెద్దది చేసి చూశారు. నిజమే. నిన్న అక్కడ దారం తెగినప్పుడల్లా అందరం సూదిని తిట్టుకున్నాం.

"మంచివాడే పాపం" అన్నారావిడ మెల్లగా.

"మంచివాడేనమ్మా. కానీ చూశాడు!" అన్నాడు మరిది.

రెండూ నిజమే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. వాడు చెడ్డవాడైతే హాయిగా నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేదాన్ని. పోనీ దాచేద్దామా అంటే, ఆటరోజుదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కుట్టాలి. అది నావల్ల కాదు. మేనేజరమ్మకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పేశాను.

"ఆ దేశంలో చూశారా!" అంది.

"ఒకాయన చూశారండీ. తప్పు మాదే. మేమే పంపాం."

"చూసి ఏమన్నాడు?"

"రెక్క దగ్గర దారం తెగుతుందన్నాడు. నిజంగానే తెగుతోందండీ."

పని పోయిందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను.

"చెప్పకుండా ఉంటే నాకు తెలిసేదే కాదు" అందావిడ. "ఇంకో బొమ్మ గీసిస్తాను. మీరే కుట్టండి. నెట్ వైరు పీకేశాకే దాన్ని తెరవాలి."

"అలాగేనండీ!" అన్నాను.

ఆవిడ ఫోన్ పెట్టలేదు. "ఆ పక్షిని గీసింది కూడా నేనే" అంది, గొంతు తగ్గించి. "బాగుందన్నాడా?"

"ఆ మాట అనలేదండీ" అన్నాను. "మన దారం తెగకూడదనుకున్నాడు, అంతే."