పన్నెండో బొమ్మ

మా నాందేడ్ బజారులో నన్ను పిసినారి అంటారు. అననీ, అబద్ధమా? పొట్లానికి చుట్టి వచ్చిన దారం కూడా విప్పి దాచుకునే పత్తి వ్యాపారుల ఇల్లు మాది. ఆ గుణం నా చెల్లెలికి ఏం చేసిందో మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వత్సలకు పంతొమ్మిదేళ్లు. చిన్నప్పటి కీళ్లజ్వరం గుండెకు పట్టింది. మెట్లు దిగొద్దన్నాడు డాక్టరు. దుకాణం మీది గదిలో మంచం, కిటికీలోంచి చూస్తే పక్కింటి గోడ. ఏడాది గడిస్తే గొప్పేనని డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

దసరా ముందు ఓ రోజు, "అన్నా, ఇస్లాపూర్ దిక్కు తంగేడు పూసిందా?" అని అడిగింది. ఆమె పుట్టింది అక్కడే, మా మేనమామ ఇంట్లో. నేను సంగప్ప స్టూడియోకు పోయి పాత డబ్బా కెమెరా, ఒక ఫిల్ము రోలు తెచ్చాను. రోలుకు పన్నెండు బొమ్మలు. పన్నెండు పువ్వులు, ఏడాదికి ఒక్క రోలు. లెక్క భలే కుదిరిందని మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

సరుకు కొనబోయిన ప్రతిచోటికీ కెమెరా మోసుకెళ్లాను. తంగేడు, గునుగు తీశాను. ముఖేడ్ దగ్గర కుసుమ చేలో ముళ్లు పట్టి పంచె చిరిగింది. గోకుంద దాటాక అడవిలో మోదుగ దొరికింది. అక్కడ ఇప్పపువ్వు ఏరుకునే మైసవ్వ నన్ను చూసి, "ఏంది సేఠ్, పువ్వుకు ఫోటోనా? దానికి పెండ్లి సంబంధం జూస్తున్నవా?" అని పకపకా నవ్వింది. ఆ మాట చెబితే వత్సల కూడా నవ్వింది, దగ్గు వచ్చేదాకా నవ్వింది. వేప పూత, రేల కూడా అయ్యాయి. తొలకరి నాటికి పదకొండు.

పన్నెండోది పత్తి పువ్వు కావాలంది. "మూడు తరాల సంది పత్తి అమ్ముతున్నం. మనింట్ల ఎవరన్న దాని పువ్వును నిలబడి జూసిన్రా?"

నిజమే, మా కళ్లకు బేళ్లే తప్ప పువ్వు ఆనలేదు. కానీ అది పంతొమ్మిది వందల డెబ్బై రెండు, కరువు ఏడాది. వాన మొహం చాటేసింది. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, విత్తిన పత్తి మొలకలోనే మాడింది. వత్సలకు కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడక రాత్రీ పగలూ దిండ్లకు ఆనుకుని కూర్చునేది.

"అన్నా, తీసినవన్న కడిగియ్యరాదు. జూస్త."

"ఇంక ఒక్కటే ఉన్నది తల్లీ. గిప్పుడు కడిగితే గా ఒక్క ముక్క ఖరాబైతది."

"గట్లయితే గా ఒక్కదాంట్ల నన్ను దియ్యి. రోలు అయిపోతది."

కెమెరా చేతికి తీసుకున్నాను కూడా. తలుపు దగ్గర్నుంచే కేకేసింది మా అమ్మ ఉమాబాయి. "నీకేమన్న బుద్ధున్నదారా నందూ! రోగమున్న పిల్లకు ఫోటో దిస్తే ఆయుష్షు తగ్గుతది. పెట్టు అవతల!"

పెట్టేశాను. వత్సల మళ్లీ అడగలేదు.

శ్రావణంలో ఓ పొద్దున ప్రాణం పోయింది. అప్పటికి మా చుట్టుపక్కల పత్తి ఎక్కడా పూయలేదు. చుట్టాలు ఆమెకు స్నానం చేయించి కుర్చీలో కూర్చోబెట్టారు. తల వాలకుండా వెనక నుంచి ఒకరు పట్టుకున్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"బిడ్డది ఇంట్ల ఒక్క ఫోటో లేదు నందూ. నీ డబ్బాల ఒకటి మిగిలిందంటివి గద. తియ్యిరా."

తీశాను. చెయ్యి వణకలేదు. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం, ఆ చెయ్యి వణకనందుకు.

దినాలయ్యాక రోలు సంగప్పకిచ్చాను. రెండోనాడు అతను బొమ్మలన్నీ బల్ల మీద పరిచాడు. ఒక్కటి కూడా పాడవలేదు. మోదుగ రేకు మీది నూగు సైతం కనిపిస్తోంది. చివరి బొమ్మ దగ్గర సంగప్ప టోపీ తీసి పక్కన పెట్టాడు.

"గీ పువ్వులు చెల్లె జూసిందా సేఠ్?"

"లేదు. రోలు నిండలేదు."

"అరే! పదకొండు కాడ తెచ్చిస్తే కడిగిస్తుంటి గద! పోతే ఒక్క ముక్క పోతుండె."

ఆ సంగతి నాకు తెలియదని చెబుదామని నోరు తెరిచాను. చెప్పకుండానే బొమ్మలు ఏరుకున్నాను. తెలుసు. ఆ ఒక్క ముక్క పోకూడదనే ఆగాను.